13బి ఇంజన్ మౌంట్: వంకర ఎక్కడుందో తేలాకే వాషర్లు

ఇంట్లో కట్టుకున్న విమానం ముక్కుకి మాజ్డా 13బి రోటరీ (పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే కారు ఇంజన్) ఎక్కించాక, స్పిన్నర్ (ప్రొపెల్లర్ నడిమి టోపీ) ఒక పక్క కౌలింగ్‌కి (ఇంజన్ మీది మూతకి) ఆనుతూ మరో పక్క వేలు దూరేంత సందు కనిపిస్తే, చాలామంది మొదట చేసే పని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) బోల్టు విప్పి ఒక వాషరు దూర్చడం. సందు సమానమవుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వాషరు ఏ తప్పుని కప్పిపెట్టిందో తెలియదు. ఇంజన్‌ని ఫైర్‌వాల్‌కి పట్టి ఉంచే ట్యూబుల చట్రం, అంటే మౌంట్ ఫ్రేమే, వెల్డింగ్ వేడికి మెలి తిరిగి ఉండొచ్చు. రబ్బర్లు బరువుకి కుంగి ఉండొచ్చు. గేర్‌బాక్స్ ఇంజన్ మీద ఓరగా కూర్చుని ఉండొచ్చు. మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ట్యూబులు పగలడం, గేర్‌బాక్స్ సీలు కారడం, విమానం ఎక్కేటప్పుడు పక్కకి లాగడం మొదలవుతాయి. ఈ మూడింటినీ విడదీసి ఎలా కొలవాలో, కొలిచాక ఎంత షిమ్ (మందం పెంచే వాషరు లేదా పలక) ఎక్కడ పెట్టాలో రాస్తున్నాను.

ఇది ఎక్కువగా అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీలో, అంటే సొంతంగా విమానం కట్టేవాళ్ల సంగతి. వ్యాన్స్ ఆర్‌వీ లాంటి కిట్లని లైకమింగ్ అనే విమానపు పిస్టన్ ఇంజన్ కోసం గీశారు. లైకమింగ్ పెట్టేవాళ్లకి కోణాలన్నీ వెల్డ్ అయిపోయిన మౌంట్ దొరుకుతుంది. 13బి పెట్టేవాళ్లు మౌంట్‌ని సొంతంగా గీసుకోవాలి, లేదా చిన్న వర్క్‌షాపులో చేయించుకోవాలి. కాబట్టి కోణానికి పూచీ కట్టేవాళ్లదే.

ఏ గీత ముఖ్యం

ఇంజన్ బ్లాకు తిన్నగా ఉందా లేదా అన్నది విమానానికి పట్టదు. దానికి తెలిసేది ప్రొపెల్లర్ షాఫ్ట్ నడిమి గీత ఒక్కటే. అదే థ్రస్ట్ లైన్. 13బిలో రెండు రోటర్లు, ఒక్కో గదికి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. దాని బలం బయటికొచ్చేది 6,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల, ఆ పైన. ప్రొపెల్లర్‌ని నేరుగా ఆ వేగంతో తిప్పితే కొసలు ధ్వని వేగాన్ని దాటిపోతాయి. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్స్ ఉంటుంది. 2.85:1 గేరుతో ఇంజన్ 6,000 తిరిగితే ప్రొపెల్లర్ 2,105 తిరుగుతుంది. 2.17:1 గేరుతో అయితే 2,765.

గేర్‌బాక్స్ ఏ రకమో ముందు తేల్చుకోండి, ఎందుకంటే పక్క కోణం ఎటు ఉండాలన్నది దాని మీదే ఉంది. బయటి రింగు కదలకుండా ఉండే ప్లానెటరీ గేర్‌బాక్స్‌లో ఇంజన్ షాఫ్టూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే గీత మీద ఉంటాయి, ఒకే వైపు తిరుగుతాయి. పక్కపక్కన రెండు పళ్ల చక్రాలున్న గేర్‌బాక్స్‌లో ప్రొపెల్లర్ గీత పైకో కిందికో జరుగుతుంది, తిరిగే దిక్కు కూడా మారిపోతుంది. కాక్‌పిట్ నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరిగే విమానంలో, ఎక్కేటప్పుడు ముక్కు ఎడమకి లాగుతుంది. అందుకే థ్రస్ట్ లైన్‌ని కొద్దిగా కుడికి తిప్పుతారు. ప్రొపెల్లర్ ఎదురు దిక్కున తిరిగితే ఈ లెక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. లైకమింగ్ డ్రాయింగులో ఉన్న కుడి కోణాన్ని అలాగే దించేసుకుంటే ఎక్కేటప్పటి లాగుడు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. షాఫ్ట్ ఎటు తిరుగుతుందో కాగితం మీద నమ్మకండి. ప్లగ్గులు విప్పి స్టార్టర్ కొట్టి, ప్రొపెల్లర్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ని బిగించే పళ్లెం) ఎటు తిరిగిందో కళ్లారా చూడండి.

కోణం ఎంత అన్నది విమానం డిజైనర్ ఇచ్చిందే తీసుకోవాలి. దిక్కు మారితే అంతే కోణాన్ని అవతలి పక్కకి పెట్టాలి. కింద లెక్కలకి ఉదాహరణగా కిందికి 1 డిగ్రీ, కుడికి 2 డిగ్రీలు అనుకుందాం. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ ఫ్లాంజ్ 1,100 మి.మీ. ముందుకుంటే, 2 డిగ్రీల కోణం వల్ల ఫ్లాంజ్ 38 మి.మీ. కుడికి పోతుంది. స్పిన్నర్ విమానం నడిమి గీత మీద ఉండాలి కాబట్టి ఇంజన్‌ని ఫైర్‌వాల్ దగ్గర 38 మి.మీ. ఎడమకి జరిపి గీసుకుంటారు. ఈ జరుపుడు మర్చిపోయి కోణం మాత్రమే పెట్టిన మౌంట్లో స్పిన్నర్ కుడికి పోయి కనిపిస్తుంది. దాన్ని షిమ్ములతో నడిమికి తెస్తే కోణం పోతుంది. అలాంటి మౌంట్‌ని మళ్లీ వెల్డ్ చేయించుకోవడమే దారి.

మొదట ఒట్టి ఫ్రేము

ఇంజన్ ఎక్కించక ముందే మౌంట్ ఫ్రేముని మట్టమైన మందపాటి ఉక్కు బల్ల మీద, ఫైర్‌వాల్ కాళ్లు కిందికి వచ్చేలా పెట్టండి. మూడు కాళ్లు బల్లకి ఆనినప్పుడు నాలుగో కాలి కింద ఎంత సందుందో ఫీలర్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. జిగ్‌లో (ముక్కల్ని కదలకుండా పట్టే అచ్చులో) బిగించి వెల్డ్ చేసిన 4130 ఉక్కు ట్యూబు ఫ్రేము, జిగ్ విప్పగానే ఎంతో కొంత మెలి తిరుగుతుంది. అది మామూలే.

తర్వాత అదే ఫ్రేముని ఫైర్‌వాల్‌కి పెట్టి, మూడు బోల్టులు బిగించి, నాలుగో దాన్ని వదిలేసి మళ్లీ కొలవండి. బల్ల మీదా ఫైర్‌వాల్ మీదా సందు ఒకటే అయితే తప్పు ఫ్రేముది. బల్ల మీద సరిగ్గా ఉండి ఫైర్‌వాల్ దగ్గర సందు వస్తే ఫైర్‌వాల్ మూలల్లో ఉన్న బ్రాకెట్లు ఒకే తలంలో లేవన్నమాట. రెండు కొలతలూ వేరుగా ఉంటే రెండింట్లోనూ తప్పుంది.

ఆ సందుని బోల్టు బిగించి మూసేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. ఫ్రేము చాలా గట్టిది. మిల్లీమీటరు సందుని లాగి మూస్తే ఆ లాగుడంతా వెల్డింగ్ ముడుల్లో నిలిచిపోతుంది. రెండు రోటర్ల ఇంజన్‌లో షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండు తోపులు వస్తాయి, 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 200. అప్పటికే లాగి పట్టిన ముడికి ఆ తోపులు తోడైతే వెల్డు అంచున వెంట్రుక వాసి పగులు పుడుతుంది. మౌంట్లు పగలడానికి ట్యూబు పలచనైపోవడం కంటే ఇదే ఎక్కువ కారణమని నా నమ్మకం.

నేను పాటించే హద్దులు ఇవి: 0.25 మి.మీ. దాకా సందుంటే వదిలేయొచ్చు. 1.5 మి.మీ. దాకా అయితే ఆ కాలు వెడల్పుకి సరిపోయే ఉక్కు స్పేసరు లేతులో తీయించి పెట్టాలి. అంతకు మించితే ఫ్రేము మళ్లీ జిగ్‌లోకి వెళ్లాలి. కాలు పూర్తిగా ఆనిందో లేదో చూడ్డానికి నీలి రంగు పూసి ఒకసారి నొక్కి తీయండి. రంగు అంచున మాత్రమే అంటితే కాలు వాలి ఉందని అర్థం. అక్కడ సమానమైన స్పేసరు పనిచేయదు, ఏటవాలుగా కోసినది కావాలి.

గేర్‌బాక్స్ ఇంజన్ మీద తిన్నగా ఉందా

దీన్ని మౌంట్ పనిలో భాగంగా ఎవరూ చూడరు, చూడాలి. గేర్‌బాక్స్ ఓరగా ఉంటే ప్రొపెల్లర్ గీత కూడా ఓరగా ఉంటుంది. దాన్ని మౌంట్ షిమ్ములతో సరిచేస్తే బయటికి అంతా బాగుంటుంది, లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పొడవాటి పళ్లు) మాత్రం అరుగుతూనే ఉంటాయి.

నాలుగు ప్లగ్గులూ విప్పి ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరిగేలా చేసుకోండి. డయల్ గేజ్ అయస్కాంతపు దిమ్మని ఫ్లైవీల్ లేదా కౌంటర్‌వెయిట్ మీద నిలబెట్టి, ముల్లు బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్‌ని కలిపే డొల్ల భాగం) నడిమి రంధ్రం లోపలి గోడకి తగిలేలా పెట్టి ఒక పూర్తి చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.13 మి.మీ. దాటకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు: గేజ్ చూపించేది అసలు పక్కకి జరిగినదానికి రెట్టింపు. 0.20 చూపిస్తే కేంద్రం జరిగింది 0.10. కేంద్రాన్ని జరిపి సరిచేసే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్ను కొనేటప్పుడు సగం కొలతకే కొనాలి.

తర్వాత బెల్‌హౌసింగ్ ముఖం మీద అదే కొలత. ఇక్కడ రోటరీకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) ముందుకీ వెనక్కీ 0.04 నుంచి 0.07 మి.మీ. దాకా ఆడుతుంది. అది లోపం కాదు, ఆ ఇంజన్‌కి ఇచ్చిన కొలతే. 0.09 దాటితేనే సరిచేయాలి. కానీ తిప్పేటప్పుడు షాఫ్ట్‌ని ఒకే వైపుకి నొక్కి పట్టకపోతే ఆ ఆట మీ కొలతలో కలిసి, లేని వంకర చూపిస్తుంది. ఒకరు ముందు పుల్లీ వైపు నుంచి నెట్టి పట్టుకోవాలి, ఇంకొకరు గేజ్ చదవాలి.

ముఖం కొలత ఎక్కువ వస్తే కారణం తరచుగా మురికే. పాత సీలెంట్ పొర, డోవెల్ చుట్టూ లేచిన లోహపు గరుకు అంచు, పెయింటు. ముందు శుభ్రం చేసి మళ్లీ కొలవండి.

ఇంజన్‌ని ఎక్కడ పట్టుకోవాలో కూడా చూసుకోవాలి. 13బి సైడ్ హౌసింగులు పోత ఇనుము, రోటర్ హౌసింగులు అల్యూమినియం. ఇవన్నీ బిస్కెట్ల దొంతరలా పేర్చి పొడవాటి బోల్టులతో బిగించి ఉంటాయి. మౌంట్ బరువు ఇనుప హౌసింగుల మీద, ముందు కవరు మీద, బెల్‌హౌసింగ్ మీద పడాలి. ఆయిల్ ప్యాన్‌కీ ఇంజన్‌కీ మధ్య మందపాటి అల్యూమినియం పలక పెట్టి దాని నుంచే మోసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అందులో పలక తిన్నగా లేకపోతే మొదట తెలిసేది ఆయిల్ కారడంతో. సీలెంట్ ఎంత పూసినా మళ్లీ మళ్లీ అదే మూలన కారుతుంటే సీలెంట్‌ని తిట్టుకోకుండా పలకని ఉక్కు బల్ల మీద పెట్టి చూడండి.

రబ్బర్ల మీద పడే అసలు బరువు

మౌంట్ రబ్బర్లని ఇంజన్ బరువు చూసి ఎంచుకుంటారు. గేర్‌బాక్స్ ఉన్న ఇంజన్‌కి అది సరిపోదు. ఒక లెక్క వేసి చూద్దాం.

13బి 6,500 ఆర్‌పీఎం దగ్గర 180 హార్స్‌పవర్ ఇస్తే షాఫ్ట్ మీద టార్క్ సుమారు 197 న్యూటన్ మీటర్లు. 2.85:1 గేరు దాటాక ప్రొపెల్లర్ దగ్గర అది 560 అవుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి ఒకే ముద్దలా మౌంట్ మీద కూర్చున్నాయి కాబట్టి, ఒకే దిక్కున తిరిగే గేర్‌బాక్స్‌తో మౌంట్ తట్టుకోవాల్సిన మెలి 560. ఎడమ, కుడి రబ్బర్ల మధ్య దూరం 450 మి.మీ. అయితే ఎడమ వైపు దాదాపు 127 కిలోల బరువు అదనంగా కిందికి నొక్కుతుంది, కుడి వైపు అంతే పైకి లాగుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి 150 కిలోలు, నాలుగు రబ్బర్లు సమానంగా మోస్తున్నాయి అనుకుంటే ఒక్కోదాని మీద 37 కిలోలు. పూర్తి థ్రాటిల్ తెరిచాక ఎడమ రెండింటి మీద ఒక్కోదానికి 100 కిలోలు. కుడి రెండూ 27 కిలోల చొప్పున పైకి లేస్తాయి.

అంటే కుడి వైపు రబ్బరు నొక్కుడు నుంచి లాగుడులోకి పోతుంది. కింద మాత్రమే రబ్బరున్న మౌంట్ ఇక్కడ చాలదు. బ్రాకెట్‌కి పైనా కిందా రెండు వైపులా రబ్బరుండి, మధ్యలో ఉక్కు గొట్టం, చివర పెద్ద వాషరు ఉండే రకం కావాలి. పైకి లేచినప్పుడు పై వాషరు రబ్బరుని పట్టుకుని ఆపుతుంది. రబ్బరు మొత్తం చిరిగిపోయినా ఇంజన్ ఊడిరాకుండా ఆపేది కూడా ఆ వాషరే.

కింద బల్లలా ఉండే బెడ్ మౌంట్లో ఇంకో సంగతుంది. ప్రొపెల్లర్ లాగే గీత రబ్బర్లకంటే పైన ఉంటుంది. 2,500 న్యూటన్ల లాగుడు రబ్బర్లకి 200 మి.మీ. పైన పనిచేస్తే, 400 మి.మీ. దూరంలో ఉన్న ముందు వెనక రబ్బర్ల మధ్య ఇది మళ్లీ 1,250 న్యూటన్ల తేడా తెస్తుంది. ముందువి కుంగుతాయి, వెనకవి లేస్తాయి, ముక్కు వంగుతుంది. ముందు వెనక దూరం ఎంత ఎక్కువ పెట్టగలిగితే అంత మంచిది. స్థలం లేదని 250 మి.మీ. దూరంలో పెట్టిన బెడ్ మౌంట్లలో థ్రాటిల్‌తో పాటు స్పిన్నర్ కిందికీ పైకీ ఊగడం కంటికే కనిపిస్తుంది.

మరో శత్రువు వేడి. రోటరీ ఎగ్జాస్ట్ పిస్టన్ ఇంజన్ల దానికంటే బాగా వేడిగా వస్తుంది, 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఎగ్జాస్ట్ పోర్టులు ఒకే పక్కన ఉంటాయి. ఆ పక్క రబ్బరు ముందు ఎండుతుంది, గట్టిపడి కుంగుతుంది. ఆరు నెలలకి విమానం ముక్కు ఒక పక్కకి వాలిందంటే ముందు ఎగ్జాస్ట్ వైపు రబ్బరుని గోటితో నొక్కి చూడండి. గోటి గుర్తు పడకుండా ఉంటే దాని పని అయిపోయింది. ఆ పక్క రబ్బరుకీ పైపుకీ మధ్య స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టి, రేకుకీ రబ్బరుకీ నడుమ గాలి ఆడేలా సందు వదలాలి. రబ్బరుకి చుట్టేసిన రేకు వల్ల లాభం లేదు.

థ్రస్ట్ లైన్ కొలవడం

ఇంజన్ పూర్తి బరువుతో ఉన్నప్పుడే కొలవాలి. ఆల్టర్నేటరు, స్టార్టరు, ఇన్‌టేక్, ఆయిల్, నీళ్లు అన్నీ ఎక్కాక, హాయిస్ట్ గొలుసు పూర్తిగా వదులు చేసి ఒక రాత్రి అలాగే వదిలేయండి. రేడియేటర్ నుంచి వచ్చే గట్టి అల్యూమినియం పైపులు ఫైర్‌వాల్‌కి బిగించి ఉంటే కొలిచేటప్పుడు విప్పేయండి. అవి ఇంజన్‌ని పక్కకి నెట్టి పట్టుకుంటాయి. అసలు ఫైర్‌వాల్‌కీ ఇంజన్‌కీ మధ్య నీళ్ల గొట్టంలో మెత్తటి ముక్క లేకుండా కట్టకూడదు.

విమానాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి, లాంగెరాన్ (విమానం ఒంటి పొడుగునా ఉండే ప్రధాన కడ్డీ) మీద రసమట్టం పెట్టి పొడుగూ అడ్డమూ సరిచేసుకోండి. డిజిటల్ కోణమాపిని లాంగెరాన్ మీద సున్నా చేసి, ప్రొపెల్లర్ ఫ్లాంజ్ ముఖం మీద నిలువుగా ఆనించి చదవండి. ఫ్లాంజ్‌ని సరిగ్గా 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చదవండి. రెండింటి సగటే అసలు కోణం. రెండింటి మధ్య తేడా ఫ్లాంజ్ వంకర, దానికీ మౌంట్‌కీ సంబంధం లేదు. ఫ్లాంజ్ పై అంచు ముందుకి వాలితే థ్రస్ట్ లైన్ కిందికి చూస్తున్నట్టు.

పక్క కోణానికి కోణమాపి పనికిరాదు. ఫ్లాంజ్‌కి గట్టి అల్యూమినియం పట్టీ ఒకటి బిగించండి, నడిమి నుంచి రెండు వైపులా 750 మి.మీ. పొడవు. పట్టీని అడ్డంగా, మట్టంగా నిలిపి, ఒక్కో కొస నుంచి తోక చివర నడిమి గీత మీద ఉన్న గుర్తుకి ఉక్కు టేపుతో దూరం కొలవండి. గీత కుడికి చూస్తుంటే కుడి కొస వెనక్కి వస్తుంది, అందుకే కుడి దూరం తక్కువ వస్తుంది. 1 డిగ్రీకి రెండు దూరాల తేడా 26 మి.మీ. 2 డిగ్రీలకి 52. పట్టీని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీస్తే పట్టీ వంకర, ఫ్లాంజ్ వంకర రెండూ రద్దవుతాయి.

ఈ పద్ధతిలో ఒక చిన్న మోసం దాగుంది. ఫ్లాంజ్ నడిమి గీత మీద లేకపోతే అది కూడా ఈ తేడాలో కలుస్తుంది. తోక గుర్తు 5 మీటర్ల వెనకుంటే, ఫ్లాంజ్ 5 మి.మీ. కుడికి జరిగినా కుడి దూరం 1.5 మి.మీ. ఎక్కువ వస్తుంది. ఇది కోణంలో చాలా కొంచెమే, కానీ 20 మి.మీ. జరిగి ఉంటే పావు డిగ్రీ తప్పు లెక్క. అందుకే ఫ్లాంజ్ నడిమి నుంచి దారానికి గుండు కట్టి నేల మీదికి దించి, నేల మీద గీసుకున్న నడిమి గీతకి ఎంత దూరంలో పడిందో ముందే కొలుచుకోండి.

ప్రొపెల్లర్ బ్లేడ్ల ట్రాకింగ్ (కొసలన్నీ ఒకే తలంలో తిరగడం) దీనితో కలపకండి. ఒక బ్లేడు కొస ముందుకీ ఇంకోటి వెనక్కీ తిరుగుతుంటే తప్పు ప్రొపెల్లర్‌దో ఫ్లాంజ్‌దో. మౌంట్ ఎంత సరిచేసినా అది పోదు.

షిమ్ములు: ఎక్కడ, ఎంత

షిమ్ము పెట్టడానికి రెండు చోట్లున్నాయి: ఫైర్‌వాల్ కాళ్ల దగ్గర, రబ్బర్ల దగ్గర. నేనైతే రబ్బర్ల దగ్గరే మొదలుపెడతాను. దానికి ఒక గట్టి కారణముంది. ఆర్‌వీ-4, ఆర్‌వీ-6, ఆర్‌వీ-7 తోకచక్రం రకాల్లో చక్రాల కాళ్లు ఇంజన్ మౌంట్లోకే దిగి ఉంటాయి. ముక్కు చక్రం ఉన్న ఆర్‌వీ-6ఏ, 7ఏలలో ముక్కు కాలు మౌంట్‌కే తగులుతుంది. ఫైర్‌వాల్ దగ్గర షిమ్ము పెడితే థ్రస్ట్ లైన్‌తో పాటు చక్రాలు కూడా తిరుగుతాయి. గాల్లో బాగున్న విమానం రన్‌వే మీద ఒక పక్కకి పోతుంది. అలాంటి విమానంలో ఫైర్‌వాల్ షిమ్ములు ఫ్రేము సందు పూడ్చడానికి మాత్రమే.

ఉదాహరణ: కావాల్సింది కిందికి 1 డిగ్రీ, కొలిస్తే 0.4 వచ్చింది. ఇంకా 0.6 కావాలి. బెడ్ మౌంట్లో ముందు వెనక రబ్బర్ల దూరం 400 మి.మీ. అయితే వెనక రెండు రబ్బర్ల కింద 4.2 మి.మీ. ఎత్తు పెంచాలి. అదే పనిని ఫైర్‌వాల్ దగ్గర చేస్తే, పై కింద కాళ్ల దూరం 600 మి.మీ. అనుకుంటే పై కాళ్ల వెనక 6.3 మి.మీ. కావాలి.

3/8 అంగుళాల బోల్టుకి ఏఎన్960-616 వాషరు మందం 1.6 మి.మీ., పలచనిది ఏఎన్960-616ఎల్ 0.8 మి.మీ. ఇప్పుడు కొట్లో ఇవే ఎన్ఏఎస్1149 నంబరుతో వస్తాయి. పై లెక్కలో ఫైర్‌వాల్ పై కాళ్ల దగ్గర ఒక మందపాటి వాషరు పెడితే వచ్చేది 0.15 డిగ్రీ, స్పిన్నర్ దగ్గర 3 మి.మీ. కిందికి. ఒకటి, మహా అయితే రెండు వాషర్లు. అంతకు మించి కావాలంటే ఒకే ముక్కగా తీయించిన ఉక్కు స్పేసరు పెట్టండి. వాషర్ల దొంతర జారుతుంది, పైగా కాలి కింద చిన్న వలయం మీదే బరువంతా పడుతుంది.

పక్క కోణం తగ్గించాలంటే కుడి పక్క కాళ్ల వెనక మందం పెంచాలి, ముక్కు ఎడమకి వస్తుంది. ఎడమ, కుడి కాళ్ల దూరం 650 మి.మీ. అయితే 0.3 డిగ్రీకి 3.4 మి.మీ. పక్క కోణంలో అర డిగ్రీ లోపు తప్పుంటే ఏమీ ముట్టుకోకుండా ముందు ఎగిరి చూడమంటాను. రడ్డర్ మీద చిన్న ట్రిమ్ ట్యాబ్ ఆ తేడాని తీరుస్తుంది.

షిమ్ము పెరిగితే బోల్టు పొడవు చూసుకోవాలి. ఏఎన్ బోల్టులు ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3.2 మి.మీ. చొప్పున పెరుగుతాయి. నంబరులో 7 తర్వాత వచ్చేది 10, మధ్యలో 8, 9 ఉండవు. ఆర్డరు పెట్టేటప్పుడు ఇది తెలియక తికమక పడతారు. నట్టు దాటి కనీసం ఒక పూర్తి మర బయటికి కనిపించాలి. మరలు ఉన్న భాగం రంధ్రంలో బరువు మోయకూడదు.

నట్ల సంగతి: నైలాన్ ఉన్న ఏఎన్365 నట్టు 121 డిగ్రీల సెల్సియస్ వరకే. రోటరీ ఎగ్జాస్ట్ పక్కన అది నమ్మదగింది కాదు. పూర్తి లోహపు ఏఎన్363 వాడండి, లేదా కాటర్ పిన్నుతో క్యాజిల్ నట్టు. 3/8 అంగుళాల సన్న మర బోల్టుకి పొడి బిగువు 160 నుంచి 190 ఇంచ్-పౌండ్లు, అంటే 18 నుంచి 21.5 న్యూటన్ మీటర్లు. 7/16 బోల్టుకి 450 నుంచి 500 ఇంచ్-పౌండ్లు. లాక్ నట్టు ఒట్టిగా తిరగడానికి తీసుకునే బిగువుని ముందు రెంచ్ మీద చదివి దీనికి కలపాలి.

రబ్బర్ల బోల్టులని అన్నిటినీ వదులుగా ఉంచి, ఇంజన్‌ని చేత్తో నాలుగు వైపులా ఊపి తనంతట తాను కూర్చోనిచ్చి, అప్పుడు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. బోల్టు బిగువు లోపలి ఉక్కు గొట్టం మీద ఆగాలి. గొట్టం కురచై బిగువు రబ్బరు మీదే ఆగిందంటే నట్టు ఎప్పటికీ బిగిసినట్టు అనిపించదు, రబ్బరు పక్కలకి ఉబ్బుతుంది.

చివరిగా స్పిన్నర్: కొత్త రబ్బర్లు మొదటి గంటల్లో కుంగుతాయి. కౌలింగ్ అమర్చేటప్పుడు స్పిన్నర్‌ని 3 మి.మీ. పైకి ఉంచి అమర్చండి. చుట్టూ సందు 6 మి.మీ. ఉంటే ఇంజన్ ఊగినా తగలదు.

నడిపాక

రోటరీ నడుస్తున్నప్పుడు నున్నగా ఉంటుంది. ఎక్కువగా ఊగేది స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ. సందులు అప్పుడే తెలుస్తాయి. అనుమానమున్న చోట్ల, ట్యూబుకీ హోసుకీ మధ్య, కౌలింగ్‌కీ ఆల్టర్నేటరుకీ మధ్య బంకమట్టి ముద్దలు పెట్టి, ఒకసారి స్టార్ట్ చేసి ఆపి, ముద్ద ఎంత పలచబడిందో చూడండి. ఎగ్జాస్ట్ దగ్గర ఇది కుదరదు. అక్కడ చల్లారాక ఇంజన్‌ని గట్టిగా ఊపి, పైపుకీ ట్యూబుకీ మధ్య 12 మి.మీ. మిగులుతోందో లేదో చూసుకోండి. ఎగ్జాస్ట్ పైపు వేలాడదీసే పట్టీలు ఇంజన్‌కే ఉండాలి. ఒక కొస మౌంట్ ట్యూబుకి కడితే పైపో పట్టీయో విరుగుతుంది. థ్రాటిల్ కేబుల్ పట్టే బ్రాకెట్ కూడా ఇంజన్ మీదే ఉండాలి, లేకపోతే ఇంజన్ ఊగినప్పుడల్లా ఐడిల్ మారుతుంది.

గాల్లో చూడాల్సింది రెండే. క్రూయిజులో, విమానం పక్కకి జారుతోందో చూపే మీటరులోని బంతి పక్కకి ఉంటే, అదే వేగంలో థ్రాటిల్ పూర్తిగా మూసి దిగుతూ మళ్లీ చూడండి. అప్పుడూ బంతి అక్కడే ఉంటే తప్పు ఫిన్నుది, రడ్డరుది, లేదా రెక్క అమరికది. మౌంట్ జోలికి పోవద్దు. పవర్ ఉన్నప్పుడే పక్కకి పోతే అప్పుడు థ్రస్ట్ లైన్ మాట. అలాగే ట్రిమ్ చేసి చేతులు వదిలి పవర్ పెంచితే ముక్కు గట్టిగా పైకి లేస్తుంటే కింది కోణం తక్కువైందని అనుమానించొచ్చు. అయితే బరువు కేంద్రం బాగా వెనకున్నా అలాగే చేస్తుంది. అందుకే ముందు బరువు తూచి, తర్వాత షిమ్ము.

సర్టిఫై కాని ఇంజన్‌తో మొదటి పరీక్ష దశ మామూలుగా 40 గంటలు. 5, 10, 25, 40 గంటల దగ్గర కౌలింగ్ విప్పి, స్పిన్నర్ సందుని నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. బిగించిన ప్రతి నట్టు మీద రంగు గీత ఉంటే, గీత విరిగిందా అన్నది టార్చి వెలుగులో క్షణంలో తెలుస్తుంది. వెల్డు అంచుల్ని తెల్లటి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడండి, ముఖ్యంగా కింది కాళ్ల ముడులు, ఎగ్జాస్ట్ పక్క ముడి. పెయింటు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే పెయింటు గీకి డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి దిగి వాటిని చూపే రంగు) వేయండి. సందు కొలతలు 25 గంటల తర్వాత నిలకడగా ఉంటే రబ్బర్లు కుదురుకున్నట్టే. అప్పుడు ఫ్లాంజ్ కోణం ఇంకోసారి కొలిచి, షిమ్ముల చివరి మందం తేల్చి, తాత్కాలిక వాషర్లు తీసి ఒకే ముక్క స్పేసర్లు వేసి, కొత్త నట్లతో బిగించండి. ఏ కాలి దగ్గర ఎంత మందం పెట్టారో లాగ్‌బుక్కులో రాయండి. మౌంట్ మళ్లీ విప్పినప్పుడు ఆ స్పేసర్లు తారుమారు కాకుండా ఒక్కోదాని మీద కాలి గుర్తు చెక్కించండి.